నలభై ఆరు మీటర్ల ఎనభై సెంటీమీటర్లు

నవంబరు 17, ఆదివారం, ఉదయం ఆరున్నర. నార్సింగిలో ఔటర్ రింగ్ రోడ్డు సర్వీసు దారి పక్కన విలువిద్య నేర్పే మైదానం. హాజరైనవారు: నేను, నా భార్య, మా కోచ్, వారాంతాల్లో మాతో పాటు నేర్చుకునే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఒకరు. గాలి పడమటి నుంచి, తక్కువ. ఎండ ఇంకా రాలేదు.

ఆ రోజు డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. భూముల సర్వే శాఖలో ముప్పై నాలుగేళ్ళు పనిచేశాను. పంచనామాలో ముందు తేదీ రాయాలి, తరువాత హాజరైనవాళ్ళ పేర్లు, ఆ తరువాతే విషయం. రిటైరై ఆరేళ్ళయినా నా డైరీ అదే వరుసలో నడుస్తోంది. అయితే ఆ పేజీలో విషయాన్ని సగమే రాశాను. మిగతా సగం ఇప్పుడు రాస్తున్నాను.

యాభై ఏళ్ళు దాటినవాళ్ళకు ఒక పోటీ జరుగుతోంది. దూరం యాభై మీటర్లు. మా మైదానం నుంచి ఒక్కరికే చోటు. ఆ వయసు దాటినవాళ్ళం అక్కడ నేనూ నా భార్యా ఇద్దరమే. ముప్పై ఆరు బాణాల్లో ఎవరికి ఎక్కువ పాయింట్లు వస్తే వాళ్ళ పేరు సోమవారం మధ్యాహ్నం పన్నెండులోగా పంపుతానని కోచ్ చెప్పాడు.

నా భార్యకు ఆ చోటు కావాలి. అది నాకు తెలుసు. ఆ పోటీ సంగతి విన్న రోజే ఆమె కోచ్‌ను అడిగింది: "సారూ, అక్కడ మైకుల పేరు పిలుస్తరా?"

"పిలుస్తారండీ అమ్మగారూ. వీపు మీద కాగితం కూడా అంటిస్తారు, పేరు రాసి."

"ఎవరి పేరు? నాదేనా, సర్వేరు సారు భార్య అని రాస్తరా?"

కోచ్ నవ్వాడు. నేనూ నవ్వాను. ఆమె నవ్వలేదు. ఇంటికొచ్చాక చందానగర్‌లో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి, "నా పేరు మైకుల పిలుస్తరంట" అని చెప్పింది. మరుసటి వారం తెల్ల బూట్లు కొనుక్కుంది. మా పెళ్ళయి ముప్పై ఎనిమిదేళ్ళు. తనకోసం ఇది కావాలని ఆమె నోరు తెరిచి అడగడం నేను ఎక్కువసార్లు వినలేదు.

అసలు విల్లు పట్టాలనుకున్నది నేను. మా అపార్ట్‌మెంట్ నుంచి మైదానం కనిపిస్తుంది. కొలతతో, గురితో ముడిపడిన పని కాబట్టి నాకు తగినదనిపించింది. ఆమెకు అంతకుముందు ఏడాది కుడి భుజం పట్టేసింది. దవాఖానలో రబ్బరు పట్టీ ఇచ్చి రోజూ లాగమన్నారు. భుజం వదులయ్యాక నాకు తోడుగా వచ్చి బెంచీ మీద కూర్చునేది. ఒకరోజు కోచ్, తీగ లాగడానికి ఇరవై రెండు పౌండ్ల బలం చాలే తేలికపాటి విల్లు ఆమె చేతికిచ్చి, "ఆ రబ్బరు పట్టీ బదులు దీన్ని లాగండమ్మా" అన్నాడు. అలా మొదలైంది. నా విల్లు ముప్పై రెండు పౌండ్లది.

పద్దెనిమిది మీటర్ల దగ్గర ఇద్దరికీ పెద్ద కష్టం లేకపోయింది. అంత దగ్గరలో తప్పులు బయటపడవు. ముప్పై మీటర్లకు వెళ్ళగానే నా బాణాలు చెల్లాచెదరయ్యాయి. అక్కడ వేలెడంత ఉన్న తేడా ఇక్కడ జానెడైంది. నేను ప్రతి బాణం తరువాతా సైట్ జరిపేవాణ్ణి. సైట్ అంటే విల్లుకు బిగించే గురిచూపు పనిముట్టు. దాని మీద చిన్న పిన్ను ఉంటుంది. దూరం పెరిగేకొద్దీ పిన్నును కిందికి దించాలి, అప్పుడు విల్లు పైకి లేస్తుంది. బాణం ఎడమకు పోతే ఎడమకు జరిపేవాణ్ణి, కింద పడితే దించేవాణ్ణి. ఏ బాణానికి ఎంత జరిపానో పుస్తకంలో రాసేవాణ్ణి.

కోచ్ కోస్తా నుంచి వచ్చినవాడు. నలభై ఏళ్ళుంటాయి, గొంతు పెంచడు. రెండు వారాలు చూసి, ఒకరోజు నా చేయి పట్టుకున్నాడు.

"సార్, ఒక్క బాణాన్ని చూసి సైట్ ముట్టుకోకండి. ఆ బాణం తప్పు సైట్‌దో మీదో ఎలా తెలుస్తుందండీ? మూడు విడతలు వేయండి, పద్దెనిమిది బాణాలు. అన్నీ ఒకచోట గుంపుగా పడాలి. మధ్యలో పడకపోయినా పర్వాలేదు. గుంపు కుదిరాక సైట్ జరిపితే గుంపు మొత్తం మధ్యకొస్తుంది. గుంపే లేకపోతే ఏం జరుపుతారు?"

ఆమె గుంపు అప్పటికే కుదిరింది. ఆమె సైట్ జోలికి వెళ్ళేది కాదు. తీగను గడ్డానికి ఆనించి, వదిలి, అలాగే నిలబడేది. బాణం టార్గెట్‌కు తగిలిన చప్పుడు వినిపించేదాకా విల్లు పట్టిన చెయ్యి దించేది కాదు. కోచ్ ఆమెకు నేర్పింది ఆ ఒక్కటే. "చప్పుడు వినండమ్మా, చూడకండి" అన్నాడు. ఆమె విన్నది. నాకూ అదే చెప్పాడు. నాకు కుదరలేదు. తీగ వదలగానే నా తల పక్కకు జరిగేది. బాణం ఎక్కడ పడిందో చూడాలి, రాసుకోవాలి. తల కదలగానే చెయ్యి కూడా దిగేది, బాణం కిందికి పోయేది. యాభై మీటర్ల దగ్గర ఈ జబ్బు ఇంకా ముదిరింది. బాణం అంత దూరం వెళ్ళేదాకా ఆగాలంటే ప్రాణం పోయినట్టుండేది.

"నీకు బాణం మీద నమ్మకం లేదు. ఇడిచిపెట్టినంక గూడ దాని ఎనకనే ఉరుకుతవ్" అన్నది నా భార్య.

"నువ్వు చూడకుండ ఎట్ల నేర్చుకుంటవ్?"

"చప్పుడు మంచిగొస్తే మంచిగ తాకినట్టు. దానికి పుస్తకమెందుకు?"

సాఫ్ట్‌వేర్ ఉద్యోగి పక్కనుంచి, "అంకుల్, ఆంటీ ప్రొడక్షన్‌లో ఉన్నారు, మీరింకా టెస్టింగ్‌లోనే ఉన్నారు" అన్నాడు. అతనికి ముప్పై అయిదేళ్ళుంటాయి, ఏదో కంపెనీలో టీమ్ లీడ్. ఆమె పనిలోకి దిగిందని, నేనింకా పరీక్షల దగ్గరే ఉన్నానని వాళ్ళ భాషలో దానర్థం. ఆ మాట నాకు నచ్చలేదు. ఆ రోజు డైరీలో రాయలేదు కానీ గుర్తుంది.

ఇక దూరం సంగతి. నా అడుగు డెబ్బై అయిదు సెంటీమీటర్లు. ఉద్యోగంలో చేరిన కొత్తలో భూమి కొలిచే గొలుసు పక్కన నడుస్తూ కుదుర్చుకున్న అడుగు అది. వద్దనుకున్నా నా కాళ్ళు లెక్కపెడతాయి. యాభై మీటర్ల గీత దగ్గర్నుంచి బాణాలు తెచ్చుకోవడానికి వెళ్ళేటప్పుడు అరవై ఆరో, అరవై ఏడో రావాలి. అరవై రెండే వచ్చాయి. మళ్ళీ అరవై రెండే. వయసుతో నా అడుగు మారిందేమో అనుకున్నాను. అక్టోబరు 26, శనివారం, అందరికంటే ముందు వెళ్ళి స్టీలు టేపుతో కొలిచాను. నలభై ఆరు మీటర్ల ఎనభై సెంటీమీటర్లు. తిరిగి కొలిచాను. అంతే వచ్చింది. డైరీలో రాశాను, కింద రెండు గీతలు గీశాను.

ఎవరికీ చెప్పలేదు. చెబితే కోచ్ చిన్నబోతాడని ఆ రోజు నాకు నేను చెప్పుకున్నాను. అందులో కొంత నిజం ఉంది. ఆ దూరంలో నాకూ పాయింట్లు వస్తున్నాయి, దూరం పెరిగితే తగ్గుతాయి అన్నది మిగతా నిజం. మూడు వారాలు ఆ గీత మీదే నిలబడి బాణాలు వేశాను. పక్కన ఆమె కూడా వేసింది. దాన్ని యాభై అనుకునే వేసింది.

ఆదివారం నాటి ఎంపికలో ఆమెకు రెండు వందల పద్నాలుగు పాయింట్లు వచ్చాయి. నాకు రెండు వందల మూడు. ఆఖరి విడతలో ఆమె ఆరు బాణాలనూ పసుపు, ఎరుపు వలయాల్లోనే వేసింది. ఆరో బాణం చప్పుడయ్యాక కూడా చెయ్యి దించకుండా కాసేపు నిలబడింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి చప్పట్లు కొట్టి, "ఆంటీ, పార్టీ!" అన్నాడు.

"పార్టీ కాదు, ఇంట్ల కందిపప్పు ఉన్నది. వస్తవా?" అన్నదామె. చెమట తుడుచుకుంటూ నా వైపు చూసి, "ఏంది, గట్ల నిలబడ్డవ్? రాస్కో, రాస్కో, పద్నాలుగు అని రాస్కో" అని నవ్వింది.

ఆ నవ్వు ముగిసేలోగా నేను నోరు తెరిచాను.

"కోచ్ గారూ, ఈ దూరం ఒకసారి సరిచూస్తే బాగుంటది. నాకు తక్కువ అనిపిస్తున్నది."

"తక్కువా సార్? యాభయ్యే కదండీ."

"కొలుద్దాం. టేపు నా సంచిలో ఉన్నది."

కొలిచాం. టేపు ఒక కొన కోచ్ పట్టుకున్నాడు, రెండో కొన నేను. నలభై ఆరు ఎనభై. కోచ్ మొహం నల్లబడింది. వానాకాలంలో వెనక కట్టిన వల కూలితే టార్గెట్లతో సహా ముందుకు జరిపి కట్టించానని, గీతను జరపడం మరిచిపోయానని చెప్పాడు. "పెద్ద పొరపాటండీ, నాదే" అని రెండుసార్లు అన్నాడు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, "అంకుల్, ఇద్దరూ సేమ్ డిస్టెన్స్ నుంచే వేశారు కదా. కంపారిజన్ మారదు కదా?" అన్నాడు.

అతని మాట సరైనదే. నేనన్నాను: "పోటీల యాభై ఉంటది. ఇక్కడ నలభై ఏడుకు కొట్టి అక్కడ పోతే మైదానం పరువు పోతది. కొలత కొలతనే."

ముప్పై నాలుగేళ్ళు ఆ మాట నిజాయితీగా అన్నాను. ఆ ఉదయం అదే గొంతుతో అన్నాను కాబట్టి కోచ్ తల ఊపాడు.

నా భార్య బెంచీ మీద పెట్టిన విల్లు తీసుకుని, "అయితే యాభై మీదికెల్లే మళ్ళ కొడదాం" అన్నది.

కోచ్ సున్నం తెచ్చి మూడు మీటర్ల ఇరవై సెంటీమీటర్లు వెనక్కి కొత్త గీత గీశాడు. ఆమె సైట్ పిన్ను దించబోయింది. దించడానికి చోటు లేదు. తేలిక విల్లు కాబట్టి పాత గీత దగ్గరే ఆమె పిన్ను కడ్డీ అడుగుకు చేరింది. ఇంకా దించితే బాణం ఈకలు దానికి తగులుతాయి. ఆమెకు అది అప్పుడే తెలిసింది. నాకు ముందే తెలుసు. ఆమె సైట్ గుర్తులు కూడా నా పుస్తకంలోనే ఉంటాయి. యాభైకి ఎదురుగా "ఆఖరి గీత" అని నా చేతి రాత ఉంది.

కోచ్ చూసి, "సైట్ కడ్డీని విల్లు వైపు లోపలికి జరిపితే చోటు వస్తుందండీ అమ్మగారూ. కానీ గుర్తులన్నీ మళ్ళీ కట్టుకోవాలి. చేతికి అలవాటు కావాలి. రెండు వారాలు పడుతుంది" అన్నాడు.

"రెండు వారాలు యాడున్నయ్ సారూ? రేపు మధ్యాహ్నమే గదా."

పిన్నును టార్గెట్ పై అంచుకంటే పైన, ఖాళీ ఆకాశంలో పెట్టి వేసింది. గురి ఆనడానికి అక్కడ ఏమీ లేదు. మొదటి విడతలో రెండు బాణాలు టార్గెట్ కింది అంచున తగిలాయి, నాలుగు నేలలో గుచ్చుకున్నాయి. మూడో విడత తరువాత కోచ్ ఇక చాలన్నాడు. ఆమె వినలేదు. ముప్పై ఆరూ వేసింది. చప్పుడు వినిపించనప్పుడు కూడా చెయ్యి దించలేదు. గడ్డిలో పడ్డ బాణానికి చప్పుడు ఉండదు కాబట్టి మరీ ఎక్కువసేపు అలాగే నిలబడింది. ఎనభై ఎనిమిది. నాకు నూట డెబ్బై ఒకటి.

నా పేరే పంపుతానని కోచ్ అన్నాడు. అంటున్నప్పుడు నా వైపు చూడలేదు.

సాయంత్రం ఆరింటికి ఆమె రెండు గ్లాసుల చాయ్ తెచ్చి డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుంది. బాల్కనీ అవతల ఆఫీసు టవర్ల దీపాలు ఒక్కో అంతస్తే వెలుగుతున్నాయి. నేను డైరీ ముందు కూర్చుని ఉన్నాను.

"టేపు సంచిల ఎట్లున్నది?" అన్నది.

"ఊకె పెట్టుకున్న."

"బాణాల సంచిల ఊకె టేపు పెట్టుకుంటరా? ఎప్పుడు కొలిసినవ్?"

నేను డైరీ మూయబోయాను.

"నేను నీ పుస్తకం ముట్ట. ముప్పై ఎనిమిదేండ్లల్ల ఒక్కనాడు ముట్టలే. నువ్వే చదువు. ఏ రోజు కొలిసినవో అది చదువు."

పేజీలు వెనక్కి తిప్పి చదివాను. "అక్టోబరు 26, శనివారం. మైదానం. నేనొక్కణ్ణే. యాభై మీటర్ల గీత నుంచి టార్గెట్ వరకు 46.80. రెండుసార్లు."

ఆమె వేళ్ళు మడిచి లెక్క పెట్టింది. "మూడు వారాలు" అన్నది. గ్లాసు పక్కకు జరిపి, "సారు రెండు వారాలు చాలన్నడు" అన్నది.

"నాకు అప్పుడు తట్టలే."

"నీకా? నీకు తట్టలేదా?"

నాకు అబద్ధాలు రావు, ఎప్పుడూ రాలేదు. అబద్ధం అవసరం లేకుండా పని జరుపుకోవడం మాత్రం వచ్చు. సర్వీసులో ఒకసారి నాతోటి సర్వేయరు ఒక రైతు పొలం హద్దు తేడాను ముందే కనిపెట్టి, అవతలి పార్టీకి పనికొచ్చే రోజుదాకా జేబులో పెట్టుకుని, ఆ రోజు బయటపెట్టాడు. కొలత నూటికి నూరుపాళ్ళు సరైనదే. తప్పు కొలత ఇచ్చినవాడికంటే వీడే ప్రమాదమని పై అధికారికి ఫిర్యాదు రాసింది నేనే. అతనికి బదిలీ అయింది. ఆ ఫిర్యాదు నకలు ఇప్పటికీ నా ఫైల్లో ఉంది.

ఆ సంగతి ఆమెకూ తెలుసు. ఆ రోజుల్లో గొప్పగా చెప్పుకున్నాను. కానీ ఆమె దాన్ని ఎత్తలేదు. "నేను పదకొండు ఎక్కువ కొట్టకపోతే టేపు తీస్తుంటివా?" అని మాత్రమే అడిగింది.

డైరీ మూసి పక్కన పెట్టాను. "తీయకపోతుంటి" అన్నాను.

ఆమె గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది. ఆ రోజు పేజీలో నేను కోచ్ పొరపాటు రాశాను, కొత్త గీత రాశాను, ఇద్దరి పాయింట్లు రాశాను. ఈ సంభాషణ రాయలేదు.

సోమవారం ఉదయం ఏడున్నరకు కోచ్ ఫోన్ చేశాడు. "సార్, ఆధార్ కాపీ, రెండు ఫోటోలు కావాలండి. పన్నెండులోగా పంపాలి." ఫోన్ స్పీకరులో ఉంది. నేనింకా ఏమీ అనకముందే ఆమె బీరువా తెరిచి, నా ఆధార్ కాపీ, కవరులోంచి రెండు ఫోటోలు తీసి టేబుల్ మీద పెట్టింది.

"నేను పోను కోచ్ గారూ. నా పేరు తీసేయండి" అన్నాను.

"అమ్మగారి ఎనభై ఎనిమిదితో పేరు పంపలేనండీ. మీరూ వెళ్ళకపోతే మన దగ్గర్నుంచి ఎవరూ ఉండరండీ."

"పర్వాలేదు."

ఫోన్ పెట్టేశాను. ఆమె మొహం కాస్త మెత్తబడుతుందని నేను ఎదురుచూసిన మాట నిజం.

"ఇదెవరి కోసం?" అన్నది.

"నీ కోసమే. నీకు రానిది నాకెందుకు?"

"నాకా? నాకేమొచ్చింది దీంతోని? నిన్న నాది తీసేసినవ్, ఇయ్యాల నీది నువ్వు తీసేస్కున్నవ్. రెండూ నువ్వే చేసినవ్. ఇగ ఇయ్యాల పుస్తకంల త్యాగం అని రాస్కుంటవ్, గంతే గదా?"

ఆ ఫోటోలను మళ్ళీ కవరులో పెట్టి, కవరును బీరువాలో పెట్టి, తాళం వేసింది. తెల్ల బూట్లు వేసుకుంది. విల్లు సంచి భుజాన తగిలించుకుంది. నేను లేచి నిలబడ్డాను.

"నువ్వు రాకు" అన్నది. కోపంగా కాదు, పాలవాడికి రేపు పాలు వద్దని చెప్పినట్టు చెప్పింది.

బాల్కనీలోంచి చూశాను. కోచ్ ఆమె సైట్ కడ్డీని విప్పి లోపలికి జరిపి బిగించాడు. ఆమె కొత్త సున్నం గీత మీద నిలబడింది. అంత దూరం నుంచి నాకు బాణాలు కనిపించవు, చప్పుడూ వినిపించదు. ఆమె చెయ్యి చాచి ఎంతసేపు నిలబడిందో అదొక్కటే తెలుస్తుంది.

పదింటికి వచ్చింది. బాణాలకు అంటిన మట్టిని తడిగుడ్డతో తుడుచుకుంటూ కూర్చుంది. నేను ఉండబట్టలేక అడిగాను.

"ఎన్ని తాకినయ్?"

"లెక్కపెట్టలే" అన్నది.

పన్నెండు దాటింది. కోచ్ మళ్ళీ ఫోన్ చేయలేదు. ఆమె అన్నం వడ్డించింది. తిన్నాము.